లీటరుకు పావు గ్రాము

పండ్లరసాన్ని వైన్‌గా మార్చేది ఈస్ట్. అది ఎంత వెయ్యాలన్న ప్రశ్నకు జవాబు చాలా చిన్నది. అంత తక్కువ ఎందుకు చాలుతుందో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల తాళ్లవనాల్లో రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

ఐదు లీటర్ల ద్రాక్షరసానికి ఎంత ఈస్ట్ వెయ్యాలి? గ్రామున్నర లోపు. చిన్న తూకం లేకపోతే అర టీస్పూనుకు కాస్త తక్కువ. వైన్‌కు వాడే ఎండు ఈస్ట్‌కు తయారీదారులు చెప్పే లెక్క లీటరుకు దాదాపు పావు గ్రాము. విదేశాల్లో విరివిగా దొరికే లాల్విన్ ఈసీ-1118 లాంటి 5 గ్రాముల పొట్లం 20 లీటర్ల పైచిలుకు రసానికి సరిపోతుందని ఆ పొట్లం మీదే రాసి ఉంటుంది.

జవాబు ఇంతే. కానీ నమ్మడం కష్టం. ఏడెనిమిది కిలోల పండ్లు పిసికి, వడకట్టి, అంత పెద్ద జార్ నిండా రసం పట్టాక అందులో అర చెంచా పొడి వేసి ఊరుకోమంటే చెయ్యి ఊరుకోదు. ఇంకో చెంచా వేస్తే తొందరగా పులుస్తుందనీ, ఘాటు పెరుగుతుందనీ అనిపిస్తుంది. ఆ రెండూ నిజం కావు. ఈ వ్యాసం ఆ రెండో చెంచాను ఆపడానికే.

ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం ఊళ్ల నుంచి చదువులకూ కొలువులకూ అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లిన పిల్లలు చాలామంది ఉన్నారు. అక్కడ ఇంట్లో వైన్ చేసుకోవడం చట్టబద్ధం. సరదా పుట్టి జార్లు కొంటారు, పండ్లు తెస్తారు, సందేహం వచ్చి ఇంటికి ఫోన్ చేస్తారు. "అమ్మా, ఈస్ట్ ఎంత వెయ్యాలే?" అంటే "నాకేం ఎరుక బిడ్డా, మనింట్ల ఎన్నడన్న చేసినమా?" అంటుంది తల్లి. నిజమే, వైన్ ఎన్నడూ చెయ్యలేదు. కానీ పులియడం అంటే ఏమిటో ఆమెకు తెలిసినంత బాగా ఆ ఫోన్ చేసిన కొడుక్కి తెలియదు.

ఎవరూ వెయ్యని ఈస్ట్

తాటిచెట్టు గెలను గీస్తే కారే నీరాలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. గౌడన్న సాయంత్రం చెట్టెక్కి గెల కొస చెక్కి, లొట్టి కట్టి దిగుతాడు. తెల్లారి మోకు వేసుకుని మళ్లీ ఎక్కేసరికి లొట్టిలో నురగ తేలుతూ ఉంటుంది. సన్నగా బుసబుసమంటూ బుడగలు పైకొస్తుంటాయి. ఈస్ట్ ఎవరూ వెయ్యలేదు, ఎవరూ తూచలేదు. అయినా ఒక్క రాత్రిలో తీపి తగ్గి కల్లు అయింది.

ఆ ఈస్ట్ కొంత గెల మీదే ఉంటుంది. కొంత రసానికి మూగే ఈగలూ తేనెటీగలూ మోసుకొస్తాయి. చాలావరకు లొట్టిలోనే ఉంటుంది. నిన్నటి కల్లు ఒంపేశాక మట్టి గోడల సూక్ష్మరంధ్రాల్లో పట్టి ఉండిపోయిన తడిలో కోట్ల కొద్దీ ఈస్ట్ కణాలు బతికే ఉంటాయి. కొత్త నీరా చుక్క పడగానే పని మొదలుపెడతాయి. కల్లులో ఈస్ట్‌తోపాటు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. కల్లు అంత వేగంగా పొంగడానికి అదీ ఒక కారణం. ఆ వెనకే పులుపు బ్యాక్టీరియాలు దిగుతాయి. అందుకే పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి పుల్లబడుతుంది, మర్నాటికి తాగలేనంత అవుతుంది.

అదే చెట్టు నుంచి పులియని నీరా కావాలంటే ఏం చేస్తారు? కడిగి ఆరబెట్టిన కొత్త లొట్టి తీసుకుని లోపల సున్నం పూస్తారు. సున్నపు క్షారంలో ఈస్ట్ పని చెయ్యలేదు. లేదంటే మంచుపెట్టెలో పట్టి, చల్లదనం తగ్గకుండా నగరానికి చేరుస్తారు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023 మే నెలలో తెరిచిన నీరా కేఫ్‌లో గ్లాసులో పోసిచ్చే పానీయం వెనక ఉన్న శ్రమంతా ఈస్ట్‌ను నిద్రపుచ్చి ఉంచడమే. ఆ చల్లదనం పోయిందా, కొద్ది గంటల్లో అది కల్లు.

అంటే లొట్టి గోడకు పట్టిన తడి చాలు, ఒక రాత్రిలో లీటర్ల కొద్దీ రసం పులుస్తుంది. ఎంత వేశామన్నదాని కన్నా వేసినవి బతికున్నాయా, వాటికి తిండీ వెచ్చదనం దొరికాయా అన్నదే ముఖ్యం. పాలు తోడుపెట్టే చేతికి ఈ లెక్క ఎప్పుడో తెలుసు. గిన్నెడు పాలకు చెంచాడు పెరుగు వేస్తాం. నాలుగు చెంచాలు వేస్తే పెరుగు గట్టిగా రాదు, పులుపెక్కుతుంది.

లెక్క చూద్దాం

మంచి ఎండు ఈస్ట్ ఒక గ్రాములో దాదాపు 2,000 కోట్ల బతికున్న కణాలుంటాయి. లీటరుకు పావు గ్రాము వేస్తే 500 కోట్లు, అంటే ఒక మిల్లీలీటరు రసంలో 50 లక్షలు. రసం బాగా పొంగే వేళకు అదే మిల్లీలీటరులో పది కోట్లకు పైగా ఉంటాయి. ఈస్ట్ కణం మొగ్గ తొడిగి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. 50 లక్షలు కోటై, రెండు కోట్లై, నాలుగై, ఎనిమిదై, పదహారవడానికి పట్టేవి ఐదు విడతలు. వెచ్చగా ఉంటే ఒక్కో విడతకు రెండు మూడు గంటలు.

ఇప్పుడు నాలుగింతలు వేశామనుకుందాం, లీటరుకు ఒక గ్రాము. మొదలయ్యేది రెండు కోట్లతో. ఐదు విడతల్లో రెండు కలిసొచ్చాయి. ఆదా అయింది నాలుగు నుంచి ఆరు గంటలు. వైన్ తొలి పొంగు తగ్గడానికి వారం పది రోజులు, తేరుకోవడానికి నెలలు పడుతుంది. అందులో ఆరు గంటల కోసం నాలుగు రెట్లు ఈస్ట్ పోసినట్టు! పైగా ఆ కణాలన్నీ పని అయ్యాక చచ్చి అడుగున పేరుకుంటాయి. వాటిని చాలాకాలం అలాగే వదిలేస్తే కణాలు చివికి, వాటిలోని పదార్థం రసంలోకి దిగి బ్రెడ్డు వాసన, ఒక్కోసారి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తాయి. పండు వాసన కోసం చేసిన వైన్‌లో పండు వాసనే ఉండదు.

మరి లీటరుకు నాలుగు పలుకులు వేసి ఊరుకుంటే? అదీ నష్టమే. ద్రాక్ష తొక్క మీద రకరకాల అడవి ఈస్ట్‌లుంటాయి. మనకు కావలసిన శాఖరోమైసిస్ సెరివిసియే వాటిలో చాలా తక్కువ. మనం వేసిన మంద బలంగా ఉంటే మొదటి రోజే రసం దాని చేతిలోకి వస్తుంది. పలచగా ఉంటే రెండు మూడు రోజులు నురగ కనపడదు. ఆ లోపల బూజో, సిర్కా బ్యాక్టీరియానో పైచెయ్యి సాధిస్తుంది. లీటరుకు పావు గ్రాము అనే లెక్క ఈ పందెంలో ముందు పడడానికి చాలినంత, వాసన పాడు చెయ్యనంత. పొరపాటున అర గ్రాము పడితే కంగారు అక్కర్లేదు. చెంచాలకు చెంచాలు పోస్తేనే చిక్కు.

ఈస్ట్ చేసే ఈ పని మనిషికి తెలిసి ఎంతో కాలం కాలేదు. పులియడం జీవుల పని అని లూయీ పాశ్చర్ 1850ల చివర్లో, 60లలో ప్రయోగాలతో చూపాడు. డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒకే ఒక్క కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచాడు. అంతకుముందు వేల ఏళ్లపాటు లోకమంతా లొట్టి పద్ధతే. కిందటి విడత మడ్డి ఈ విడతకు.

ఘాటు చక్కెరది

వైన్‌లో ఎంత ఆల్కహాల్ వస్తుందో నిర్ణయించేది ఈస్ట్ కాదు, రసంలోని చక్కెర. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్. బాగా పండిన థామ్సన్ సీడ్‌లెస్ ద్రాక్షరసంలో లీటరుకు 180 గ్రాములుంటే అది పదిన్నర శాతం దగ్గర ఆగుతుంది. ఒక గ్రాము ఈస్ట్ వేసినా, పది గ్రాములు వేసినా అంతే. తినడానికి చక్కెర అయిపోయాక ఈస్ట్ చేసేదేమీ లేదు.

ఇక్కడే మన పక్క వాడుకలో ఉన్న క్రిస్మస్ వైన్ గురించి చెప్పాలి. సికింద్రాబాద్, లాలాగూడ రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ ఇళ్ల నుంచి చేతులు మారి వచ్చిన కొలతల్లో తరచూ కనిపించేది కిలో పండ్లకు కిలో చక్కెర, లీటరున్నర నీళ్లు. లెక్క కట్టి చూడండి. కిలో ద్రాక్షలో ఎనిమిది వందల మిల్లీలీటర్ల రసం, అందులో 170 గ్రాముల వరకు చక్కెర. కలిపిన చక్కెరతో మొత్తం 1,170 గ్రాములు. మొత్తం ద్రవం మూడు లీటర్లకు కొంచెం తక్కువ. లీటరుకు 400 గ్రాములన్నమాట. అదంతా పులిస్తే 23 శాతం ఆల్కహాల్ రావాలి. ఏ ఈస్టూ అంత దూరం పోదు. బేకరీ ఈస్ట్ సాధారణంగా పది శాతం ఇటూ అటుగా చతికిలపడుతుంది, వైన్ ఈస్ట్ పద్నాలుగు దాకా, కొన్ని రకాలు పద్దెనిమిది దాకా లాగుతాయి. పన్నెండు దగ్గర ఆగిందనుకుంటే లీటరుకు ఇంకా 190 గ్రాములకు పైగా చక్కెర మిగిలి ఉంటుంది. క్రిస్మస్ వైన్ పాకంలా తియ్యగా ఉండడానికి కారణం ఇదే. ఆ తీపి కోరి చేసుకునేవాళ్లకు ఇబ్బంది లేదు. కానీ "పులవట్లేదు, ఇంకాస్త ఈస్ట్ వెయ్యనా?" అన్న ప్రశ్న చాలాసార్లు ఇలాంటి జార్ల దగ్గరే పుడుతుంది. అంత చిక్కటి చక్కెరనీళ్లలో ఈస్ట్ కణంలోంచి నీరు బయటికి లాగేయబడుతుంది. వేసినవి వేసినట్టే సొమ్మసిల్లుతాయి. ఇంకో పొట్లం పోస్తే అవీ అంతే. మొదట మూడో వంతు చక్కెరే వేసి, నురగ బాగా లేచాక మిగిలింది రెండు విడతలుగా కలిపితే అదే ఈస్ట్ హాయిగా పనిచేస్తుంది.

చక్కెర తెలుసుకోవడానికి హైడ్రోమీటర్ చాలు. రసంలో తేలేసి చూస్తే సాంద్రత అంకె 1.080, 1.090 మధ్య ఉండాలి. వైన్ పూర్తిగా పులిసేసరికి 1.000 కిందికి దిగుతుంది. ద్రాక్ష రైతుల దగ్గర రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది, రెండు చుక్కలు పెట్టి వెలుతురుకేసి చూస్తే తీపి అంకె కనిపిస్తుంది. నా మట్టుకు నేను ఈస్ట్ తూకం కన్నా ముందు కొనాల్సింది హైడ్రోమీటరే అంటాను.

మన చట్టం సంగతి

ఈ కొలతలు చదివి ఇబ్రహీంపట్నంలో జార్ కొనబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి. తెలంగాణలో అమల్లో ఉన్నది 1968 నాటి ఎక్సైజ్ చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చి, రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ ఎక్సైజ్ చట్టంగా కొనసాగుతోంది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారు చెయ్యడం నేరం. అమ్మడానికి కాదు, ఇంట్లోకే అని చెప్పడం రక్షణ అవుతుందని అనుకోవద్దు. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద లేచి, ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం దాకా నడిచిన నేల ఇది. ఆ నిషేధం వెనక ఎన్నో ఇళ్ల కన్నీళ్లున్నాయి. దాన్ని తేలిగ్గా తీసుకోవడం నాకు ఇష్టం లేదు. అలాగని పండు ఎలా పులుస్తుందో తెలుసుకోవడం తప్పు కాదు. తెలియకపోవడం వల్లే కల్లు పేరు మీద రసాయనాలు కలిపిన నీళ్లు అమ్మేవాళ్లు బతుకుతున్నారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఆ పాపం ఈస్ట్‌ది కాదు. అది చెట్టు దిగిన కల్లుకు పట్టిన కల్తీ.

అమెరికాలో ఫెడరల్ నిబంధనల ప్రకారం ఇంట్లో వయోజనులు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్ల వరకు సొంతానికి వైన్ చేసుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి గనుక అవీ చూసుకోవాలి. ఈ వెసులుబాటు వైన్‌కే. దాన్ని కాచి సారా తీసే పని అక్కడా నిషిద్ధం, ఎక్కడైనా ప్రమాదం.

ఇక్కడే ఉండి క్రిస్మస్‌కు గ్లాసులో ఏదైనా పొయ్యాలనుకునేవాళ్లకు సికింద్రాబాద్ ఇళ్లలో ఇంకో అలవాటుంది. అల్లం వైన్ అంటారు గానీ అందులో ఈస్ట్ ఉండదు. అల్లం, లవంగం, దాల్చినచెక్క మరగబెట్టిన నీళ్లలో చక్కెరపాకం, నిమ్మరసం. పిల్లలూ తాగొచ్చు.

పండ్లు, ఎండలు

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నగరం దాటి బాటసింగారం వచ్చాక ఇబ్రహీంపట్నం ప్రాంతానికి పండ్లు మరీ దగ్గరయ్యాయి. బత్తాయి, మామిడి, ద్రాక్ష, సీతాఫలం లారీల్లో దిగుతాయి. ఈ జిల్లాకు ద్రాక్షతో పాత బంధం. హైదరాబాద్‌కు 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ తెచ్చాడని చెప్పే అనాబ్-ఎ-షాహి రకం ఇక్కడి పందిళ్ల మీద ఒక తరాన్ని బతికించింది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రమే ఉంది. ఇళ్ల స్థలాల ధరలు పెరిగి పందిళ్లు తగ్గాయి. అనాబ్-ఎ-షాహిలో తీపి తక్కువ, నీరెక్కువ. తినడానికి బాగుంటుంది. వైన్‌కైతే కొంచెం చక్కెర కలపాలి.

నేరేడు, జామ, మామిడి, సీతాఫలం ఒక్కోదానికి ఒక్కో గుణం. నేరేడుకు రంగూ వగరూ ఎక్కువ, తీపి తక్కువ. సీతాఫలం, సపోటాల్లో తీపి దండిగా ఉన్నా పులుపు చాలదు, నిమ్మరసం పిండాలి. మామిడి గుజ్జు చిక్కన. అందులోని పెక్టిన్ రసాన్ని వదలదు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎల్.వి.ఎ. రెడ్డి, ఒ.వి.ఎస్. రెడ్డి మామిడి వైన్ మీద చేసిన పరిశోధన 2005లో అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. బంగినపల్లి, తోతాపురి లాంటి మన రకాలనే తీసుకుని, పెక్టినేజ్ అనే ఎంజైమ్‌తో గుజ్జును పలచబరిచి, ఈస్ట్‌తో పులియబెట్టారు. కొన్ని రకాల్లో వచ్చిన ఆల్కహాల్ ఓ మోస్తరు ద్రాక్ష వైన్‌తో పోల్చదగ్గదని తేల్చారు. ధర పడిపోయి మామిడి రోడ్డు పక్కన పారబోసే ఏళ్లలో ఇలాంటి పరిశోధన పుస్తకాల్లోనే ఉండిపోవడం బాధగా ఉంటుంది. లైసెన్సు పద్ధతిలో రైతు సంఘాలు చెయ్యగలిగిన పని ఇది.

ఇక ఎండ. రంగారెడ్డి జిల్లాలో మేలో నలభై డిగ్రీలు దాటుతుంది. శాఖరోమైసిస్‌కు 20 నుంచి 30 డిగ్రీలు సుఖం. 35 దాటితే కణాలు నీరసపడతాయి, నలభై దగ్గర పులియడం సగంలో నిలిచిపోతుంది. మామిడి కాలమూ ఎండ కాలమూ ఒకటే కావడం మామిడి వైన్‌కు వచ్చిన చిక్కు. అప్పుడు ఈస్ట్ పెంచడం మందు కాదు. జార్‌ను నీళ్ల తొట్టిలో నిలబెట్టి, తడి గోనెగుడ్డ చుట్టి, నీడన గాలి ఆడే చోట ఉంచాలి. చలికాలం రాత్రులు ఇక్కడ పన్నెండు పదిహేనుకు దిగినప్పుడు, విదేశాల్లోని చలి ప్రాంతాల్లోనూ, ఈస్ట్‌ను లీటరుకు 0.3, 0.4 గ్రాములకు పెంచడంలో అర్థం ఉంది. చలిలో కణాలు రెట్టింపవడం ఆలస్యమవుతుంది. తీపి మరీ ఎక్కువున్న రసానికీ ఇదే లెక్క.

పొట్లం విప్పాక

వేసిన ఈస్ట్ బతికున్నదా అన్న ప్రశ్న ఎంత వేశామన్నదానికన్నా పెద్దది. కిరాణా కొట్టులో ఎండ తగిలే అరలో ఏడాదిగా ఉన్న పొట్లంలో సగం చచ్చి ఉండొచ్చు. అందుకే నేరుగా రసంలో చల్లకుండా ముందు మేల్కొలపాలి. శుభ్రమైన గాజు గిన్నెలో అర కప్పు నీళ్లు, చెయ్యి పెడితే బాగా వెచ్చగా తగిలేంత, అంటే 38, 40 డిగ్రీలు. పైన పొడి చల్లి కలపకుండా వదలాలి. మొదట గోధుమరంగు పలుకులు తేలుతాయి. ఐదు నిమిషాల్లో ఒక్కొక్కటీ ఉబ్బి, మెత్తబడి, కిందికి మబ్బులా జారుతుంది. పది నిమిషాలకు చిటికెడు చక్కెర వేస్తే అంచుల్లో నురగ కడుతుంది. పావుగంటలో మీగడ రంగు నురగ గిన్నె నిండితే ఈస్ట్ ఆరోగ్యంగా ఉన్నట్టు. అరగంటయినా చలనం లేకపోతే ఆ పొట్లం పారెయ్యాలి. చచ్చిన ఈస్ట్ రెండింతలు వేస్తే బతికిన ఈస్ట్ కాదు. గిన్నెలోది ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి రసంలో ఒక్కసారి ఒంపకూడదు. రెండు చెంచాల రసం గిన్నెలోనే కలిపి, వేడి సర్దుకున్నాక పొయ్యాలి.

బేకరీల్లో దొరికే తడి ఈస్ట్ ముద్ద వాడితే ఎండు దానికి మూడింతల బరువు తీసుకోవాలి. అందులో నీరే ఎక్కువ. ఎండుదైనా తడిదైనా బ్రెడ్డు ఈస్ట్ కూడా శాఖరోమైసిస్ సెరివిసియేనే. కాకపోతే పిండి పొంగడానికి ఏరి పెంచిన రకం. వైన్ అడుగున గట్టిగా పేరుకోదు, కదిలిస్తే మళ్లీ లేస్తుంది. వైన్ ఈస్ట్ దొరికే చోట అదే కొనాలి.

నీళ్లు ఎక్కువ పోసిన పండ్లరసంలో ఈస్ట్‌కు చక్కెర ఉన్నా నత్రజని చాలదు. అప్పుడు పులియడం మందగించి గుడ్డు వాసన వస్తుంది. వైన్ తయారీదారులు ఈస్ట్ పోషకంగా వాడే వాటిలో డైఅమ్మోనియం ఫాస్ఫేట్ ఒకటి. మన రైతులకు తెలిసిన డీఏపీయే. ఇక్కడ గొంతు పెంచి చెప్పాలి: పొలానికి తెచ్చిన బస్తాలోంచి చిటికెడు కూడా తీయొద్దు. ఎరువు మనిషి కడుపులోకి వెళ్లడానికి శుద్ధి చేసింది కాదు. ఆహార తరగతిది వేరుగా దొరుకుతుంది. అది లేకపోతే నీళ్లు తగ్గించి పండు పెంచడం మేలు.

పచ్చళ్లకూ స్క్వాష్‌కూ వాడే కేఎంఎస్, అంటే పొటాషియం మెటాబైసల్ఫైట్, తెలుగు ఇళ్లకు కొత్త కాదు. లీటరు రసానికి దాదాపు 0.1 గ్రాము కలిపి, ఒక రోజంతా ఆగి, అప్పుడు ఈస్ట్ వేస్తే అడవి సూక్ష్మజీవుల బెడద తగ్గుతుంది. కేఎంఎస్ వేసిన గంటకే ఈస్ట్ వేసి "పొంగట్లేదు" అని బాధపడడం మామూలే. బజారు ద్రాక్ష మీద మందుల అవశేషాలుంటాయి, అవీ ఈస్ట్‌ను కుంగదీస్తాయి. రెండు మూడు నీళ్లలో కడగాలి.

మొదటి రెండు మూడు రోజులు ఈస్ట్‌కు గాలి కావాలి. జార్ మూతికి పలచని గుడ్డ కట్టి, పొద్దున సాయంత్రం శుభ్రమైన గరిటెతో కలపాలి. పైకి తేలిన పిప్పిని లోపలికి నొక్కాలి. ఆ తరవాత గాలి శత్రువు. మూతకు సన్నటి గొట్టం బిగించి దాని కొస నీళ్ల గ్లాసులో ముంచితే గ్యాస్ పోతుంది, గాలి రాదు. జార్‌ను గొంతు దాకా నింపొద్దు, గట్టిగా బిరడా బిగించొద్దు. 180 గ్రాముల చక్కెర ఉన్న ఒక్క లీటరు రసం మొత్తం పులిసేలోగా నలభై లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బిగించిన గాజుసీసా పేలి ముక్కలు కళ్లలో పడ్డ ప్రమాదాలకు కారణం ఇదే.

బుడగలు ఆగాక, హైడ్రోమీటర్ అంకె రెండు మూడు రోజులు ఒకే చోట నిలిచాక, పైతేటను గొట్టంతో వేరే జార్‌లోకి దించాలి. అడుగున మీగడలాంటి మడ్డి మిగులుతుంది. దాన్ని పారబొయ్యనక్కర్లేదు. చిక్కటి మడ్డి ఒక్క మిల్లీలీటరులో దాదాపు వంద కోట్ల కణాలుంటాయి. తరువాతి జార్‌కు లీటరుకు ఒక టీస్పూను వేస్తే చాలు, పావు గ్రాము ఎండు ఈస్ట్‌తో సమానం. ఫ్రిజ్‌లో శుభ్రమైన సీసాలో పెట్టి వారం లోపల వాడాలి. పేలకుండా మూత వదులుగా పెట్టాలి. మూడు నాలుగు విడతల తరవాత అడవి జీవులు చేరి గుణం మారుతుంది గనుక కొత్త పొట్లం విప్పాలి. సిర్కా వాసన వచ్చిన మడ్డిని మాత్రం ఒక్క చెంచా కూడా దాచొద్దు. ఆ జార్‌ను మరిగే నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టాకే మళ్లీ రసం పొయ్యాలి.